పట్టుదారం చిక్కే గోళ్లు

మొదట చెడింది కుడిచేతి బొటనవేలి గోరు. మెన్నానా దాన్ని కంటితో చూసి కనిపెట్టలేదు. ఒక వేసవి సాయంత్రం సందులో తోటివాళ్లతో కూర్చుని బొత్తం అల్లుతుంటే, ఎన్నడూ లేనిది, పట్టుదారం వేలి మీద జారకుండా ఆగింది. లాగితే పోగు లేచింది. దారంలోనే లోపముందనుకుని వేరే కండె తీసింది. అదీ ఆగింది. అప్పుడు చెయ్యి వెలుగులోకి తిప్పి చూసుకుంది. గోటి మీద మెరుపు లేదు. ఉప్పుకాగితంతో రుద్దినట్టు పాలిపోయి ఉంది. మొదలు నుంచి కొసదాకా సన్నని గీతలు, తడిమట్టి మీద దువ్వెన గీసినట్టు.

"ఏమే, అంత ముద్దుగా చేతులు చూసుకుంటున్నావు, నిన్ను చూసుకోడానికి ఎవడైనా వస్తున్నాడా?" అంది పక్కనే ఉన్న తామూ.

"గుడ్డివాడొకడు వస్తానన్నాడు. నువ్వైనా సరేనట," అంది మెన్నానా.

అందరూ నవ్వారు. బొటనవేలిని పిడికిట్లో దాచుకుని ఆమె కూడా నవ్వింది.

సెఫ్రూ ఊళ్లో ఆ సందు ఆడవాళ్లకి బొత్తాలే బతుకు. జెల్లాబా అనే పొడుగు అంగీకీ, పెళ్లి కఫ్తానుకీ మెడ దగ్గర్నుంచి కిందిదాకా బారుగా కుట్టే చిన్న పట్టు బొత్తాలు. బఠాణీగింజంత చుట్ట మీద సూదితో ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. పని తెలియనివాళ్లకి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. దుకాణదారు హాజ్ మెక్కీ మాత్రం గుప్పెడు బొత్తాలు బల్లమీద పోసుకుని, "ఇవి మెన్నానావి," అని వేలితో వేరు చేసేవాడు. ఆమె ముడి బిగువు అలాంటిది. తెల్లపట్టు పని, అంటే పెళ్లికూతుళ్ల పని, ముందు ఆమెకే వచ్చేది.

ఆమెకి ఆ పని తప్ప చెప్పుకోదగ్గది మరొకటి లేదు. భర్త అల్లాల్ నూనె గానుగలో పనిచేసేవాడు. మంచివాడే, మాట తక్కువ. గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. మెక్నెస్‌లో ఉన్న తమ్ముడు పండగలకి ఫోన్ చేసి, "బాగున్నావా అక్కా, అంతా బాగేనా," అని రెండుసార్లు అడిగి పెట్టేసేవాడు. అందుకని రోజు గడవాలంటే ఆమెకి ఆ సందు కావాలి. అరుగుల మీద చాపలు, మధ్యలో టీ పళ్లెం, ఎవరో ఒకరి కోడలి మీద చాడీలు, ఒడిలో దారాలు. అక్కడ కూర్చుంటే తనకంటూ ఇల్లు నిండుగా ఉన్నట్టే ఉండేది.

చలికాలం వచ్చేసరికి మిగతా వేళ్లకీ పాకింది. ఒక్కో గోరే మెరుపు పోగొట్టుకుని, పల్చబడి, కొసన పొరలు పొరలుగా చీలింది. దుప్పటి లాక్కుంటే ఉన్ని పట్టుకునేది. తల దువ్వుకుంటే వెంట్రుకలు చిక్కేవి. దాచడానికి వీలుకాని రోజు రానే వచ్చింది. సందు సందంతా వైద్యం మొదలెట్టింది. గోరింటాకు పెట్టమంది ఒకత్తె. వెల్లుల్లి నూరి కట్టమంది ఇంకొకత్తె. ఆలివ్ నూనెలో నిమ్మరసం పిండి వేళ్లు నానబెట్టమంది తామూ, తనే తెచ్చి గిన్నెలో పోసింది కూడా. నిమ్మరసం చీలికల్లోకి దిగి మంటెత్తింది. మెన్నానా పళ్లు బిగించి, "హాయిగా ఉందే," అంది.

హాజ్ మెక్కీ ఒకసారి బొత్తాల సంచి తిరిగి పంపాడు. తెల్లపట్టు మీద సన్నగా నూగు లేచింది. మరుసటి వారం నల్ల ఉన్నిదారం పని పంపాడు, మగవాళ్ల జెల్లాబాలకి. అందులో పోగులు లేచినా తెలియదు.

చివరికి మందుల కొట్టుకి వెళ్లింది. కొట్టాయన బల్ల అవతలి నుంచే మెడ చాచి చూసి, అమ్మా అన్నట్టు లల్లా అంటూ చెప్పాడు.

"బూజు పట్టింది లల్లా. ఫంగస్. మాత్రలు వాడాలి, నెలలు పడుతుంది. తువ్వాలు ఎవరికీ ఇవ్వకు. హమ్మాంలో స్నానానికి నీ చెంబు నీదే ఉంచుకో. అంటుకునేది కదా."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. కొట్లో పక్కింటి బతూల్ దగ్గుమందు కోసం నిలబడి ఉంది.

మాత్రలకి ఆమె కడుపు చెడింది. గోళ్లకి ఏమీ కాలేదు. సందులో మాత్రం ఏదో మారింది. ఇదీ అని వేలుపెట్టి చూపించడానికి లేదు. ఆమె చాప పక్క చాప కొంచెం జరిగింది. ఆమె అడిగిన కత్తెర చేతికివ్వకుండా అరుగుమీద పెట్టడం మొదలైంది. బతూల్ కోడలు కాన్పయి వచ్చింది. పసివాణ్ణి చూద్దామని మెన్నానా చేతులు చాచింది. "ఇప్పుడే నిద్రపోయాడు పిన్నీ," అంది ఆ పిల్ల. పిల్లాడు కళ్లు తెరుచుకుని మెన్నానా వైపే చూస్తున్నాడు.

శుక్రవారం ఆవిరిమీద వండిన గోధుమరవ్వ కుస్‌కుసు ఎప్పుడూ తామూ ఇంట్లోనే. పెద్ద మట్టిపళ్లెం చుట్టూ అందరూ కూర్చుని, ఎవరి ముందున్నది వాళ్లు చేత్తో ఉండచుట్టుకుని తింటారు. ఆ శుక్రవారం మెన్నానా చేతులు కడుక్కుని వచ్చేసరికి, తన చోటులో విడిగా ఒక గిన్నె ఉంది. గిన్నెలో చెంచా ఉంది. కుస్‌కుసు నిండుగా పెట్టింది తామూ. మాంసంముక్క అందరికన్నా పెద్దది వేసింది. గుమ్మడికాయ తీపి ముక్క కూడా ఏరి పెట్టింది.

"బిస్మిల్లా, కానీండి, చల్లారిపోతుంది," అంది తామూ, అందరి మొహాలూ చూస్తూ, ఒక్క మెన్నానా మొహం తప్ప.

మెన్నానా ఆ గిన్నె ఖాళీ చేసింది. మెతుకు మిగిలితే అలిగిందనుకుంటారని అడుగు దాకా తింది. "దేవుడు నీ చేతులకి ఆరోగ్యమివ్వాలి," అని దీవించి లేచింది. తర్వాతి శుక్రవారం తలనొప్పి అని కబురు పెట్టింది. ఆ పై శుక్రవారం కూడా. కొన్నాళ్లకి కబురు పెట్టాల్సిన పని లేకపోయింది, ఎవరూ పిలవడం లేదు కాబట్టి.

ఎవరూ ఆమెతో పోట్లాడలేదు. దారిలో ఎదురైతే సలాం చెప్పి, ఆరోగ్యం, ఎండ, వాన అన్నీ అడిగేవారు. ఎవరన్నా రెండు తిట్లు తిట్టి ఉంటే ఆమె నాలుగు తిట్టి మళ్లీ అరుగెక్కి ఉండేది. తిట్టనివాళ్లతో ఏం చేస్తుంది? ఇంట్లోనే కిటికీ పక్కన కూర్చుని నల్ల ఉన్ని అల్లుకునేది. రేడియో పెట్టుకునేది. సందులో నవ్వులు వినబడితే రేడియో గొంతు తగ్గించి, ఏమిటా అని చెవి ఒగ్గేది. సగం మాట వినబడేది, జోకు చివర వినబడేది కాదు. పండక్కి తమ్ముడు ఫోన్ చేస్తే, "అంతా బాగే," అనేది.

అలా రెండేళ్లు గడిచాక, కంబళి దులుపుతుంటే చూపుడువేలి గోరు ఉన్నిలో చిక్కి నిలువునా చీలింది, పచ్చిమాంసం దాకా. రక్తం కారుతుంటే గుడ్డ చుట్టుకుని ఆరోగ్యకేంద్రానికి పరుగెత్తింది. కట్టుకట్టిన నర్సు మిగతా వేళ్లు కూడా తిప్పి చూసి, "దీనికి చర్మం డాక్టరు కావాలి. ఫెస్ పట్నం వెళ్లు. ఇంకా ఆలస్యం చెయ్యకు," అంది.

ఫెస్‌లో ఆ డాక్టరు పేరు సెబ్తీ. నలభై దాటిన ఆడమనిషి, కళ్లజోడు నెత్తిమీదకి తోసుకుని మాట్లాడుతుంది. మెన్నానా బల్ల అంచున చేతులు పెట్టింది, వెనక్కి లాక్కోవడానికి వీలుగా. డాక్టరు లేచి వచ్చి, స్టూలు దగ్గరికి జరుపుకుని, ఒక్కో వేలూ తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో గోటిమీద అటూ ఇటూ రాసి చూసింది. తర్వాత దీపమున్న భూతద్దం పెట్టి చూసింది.

"చెప్పులు కూడా తియ్యి, ఖల్తీ," అంది. పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"జబ్బు చేతులకమ్మా."

"కాళ్లవీ గోళ్లే కదా. చూడనీ."

కాళ్లవీ అలాగే గరుకెక్కి ఉన్నాయి. మేజోళ్లలో ఉండేవి కాబట్టి మెన్నానా పట్టించుకోలేదు. డాక్టరు ఆమె తలగుడ్డ తీయించి, పేనుకొరికినట్టు ఎక్కడైనా బిళ్లగా జుట్టు ఊడిందేమోనని పాయలు తీసి వెతికింది. నోరు తెరవమని బుగ్గల లోపల తెల్లగీతలున్నాయేమో చూసింది. మోచేతులూ మోకాళ్లూ చూసింది. దురదలున్నాయా, ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ ఉండేదా, చేతులు ఎప్పుడూ నీళ్లలో నానతాయా అని అడిగింది. ఎవరూ అన్ని ప్రశ్నలు అడిగి ఎన్నాళ్లయిందో. మెన్నానా అడగనివాటికి కూడా జవాబు చెప్పింది, గానుగ గురించీ, అల్లాల్ గురించీ. డాక్టరు ఆపలేదు.

"ఇదివరకు గోరు కత్తిరించి పరీక్షకి పంపారా ఎవరైనా?"

"లేదమ్మా. చూసి మాత్రలిచ్చారు."

"ముందు పరీక్ష, తర్వాత మాత్రలు. మనం అలా చేద్దాం. బూజు పడితే గోరు సాధారణంగా మందంగా, పచ్చగా అవుతుంది, కింద పొడి పేరుకుంటుంది. అన్నిటికీ ఇలా ఒక్కలాగా రావడం అరుదు. నీవి పల్చబడ్డాయి. నాకు బూజులా అనిపించడం లేదు, కానీ నా అనుమానం కాదు, పరీక్ష చెప్పాలి."

గోటి ముక్కలు కత్తిరించి, కాస్త పొడి గీకి సీసాలో వేసింది. లేచి సబ్బుతో చేతులు కడుక్కుంది. మెన్నానా ఆ చేతుల వైపే చూసింది. డాక్టరు అద్దంలోంచి అది గమనించింది.

"నువ్వు రాకముందు కూడా కడుక్కున్నాను ఖల్తీ. నీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా కడుక్కుంటాను. నీ ఒక్కదాని కోసం కాదు."

బూజు మొలుస్తుందో లేదో తేలడానికి వారాలు పడుతుందన్నారు. మళ్లీ వెళ్లేసరికి జవాబు వచ్చింది. బూజు లేదు. రక్తపరీక్షలో కూడా వంక పెట్టడానికేమీ లేదు.

"ఒంటికి కాపలా కాసే కణాలే దారితప్పి గోరు మొదల మీద పడ్డాయి," అంది డాక్టరు. "గోరు పుట్టేది అక్కడ, చర్మం కింద. అక్కడ నలిగింది కాబట్టి వచ్చే గోరంతా నలిగే వస్తోంది. ఎందుకు పడ్డాయంటే చెప్పలేను. కొందరికి తనంతట తనే తగ్గుతుంది, ఏళ్లు పట్టొచ్చు. దీనివల్ల ప్రాణానికేం భయం లేదు."

"అంటుతుందా?"

"అంటదు."

"ఒకే పళ్లెంలో తింటే?"

"అంటదు."

"పసిపిల్లల్ని ఎత్తుకుంటే?"

డాక్టరు కళ్లజోడు నెత్తిమీంచి దించి పెట్టుకుంది. "ఎవరైనా ఏమైనా అన్నారా ఖల్తీ?"

"ఎవరూ ఏమీ అనలేదమ్మా," అంది మెన్నానా. అది నిజమే.

ఆ రోజు చెయ్యాల్సినవన్నీ చెప్పి పంపింది డాక్టరు. గోరు మొదట్లో రాత్రిపూట పూతమందు రాసి, పల్చటి ప్లాస్టిక్ చుట్టి, నూలు తొడుగు వేసుకుని పడుకోవాలి. వారానికి రెండు రాత్రులు ఆ మందుకి సెలవు, లేకపోతే చర్మం పల్చబడుతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించి, ఒకే వైపుకి మెల్లగా అరగదియ్యాలి. చుట్టూ లేచిన తోలు పీకకూడదు. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు, చేతులు తడిసినప్పుడల్లా యూరియా క్రీము. గోరు మొదట్లో వేసే సూదిమందు కూడా ఉంది గానీ నొప్పి ఎక్కువ, ముందు ఇది చూద్దామంది.

"పని చేసుకునేటప్పుడు రంగులేని పాలిష్ వేసుకో, దారం జారుతుంది."

"పాలిష్ ఉంటే కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ చెల్లదు కదమ్మా. నీళ్లు గోటికి తగలవు. అయిదుపూట్లా నమాజుంది."

"నిజమే, మరిచాను. పూటపూటా చెరిపితే ఆ చెరిపే మందు గోటిని ఇంకా ఎండగడుతుంది." డాక్టరు కాసేపు ఆలోచించి సొరుగులోంచి కాగితంలాంటి అంటుపట్టీ చుట్ట తీసింది. "ఇది చుట్టి చూడు. కడుక్కునే ముందు ఊడదీసెయ్."

పట్టీ పనిచేసింది. బొటనవేలికీ, పక్కనున్న రెంటికీ చుట్టుకుంటే పట్టు ఆగకుండా జారింది. క్రీము మాత్రం పని ముగిశాకే, లేకపోతే తెల్లపట్టు మీద జిడ్డు మరక.

అసలు కష్టం వేరే ఉంది. అంటుకునేది కాదని సందులో ఎలా చెప్పాలి? తలుపు తలుపుకీ వెళ్లి చేతులు చూపించాలా? చాలారోజులు మథనపడి, ఒక ఉదయం తామూ ఇంటికే వెళ్లింది. తామూ పెరట్లో మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఫెస్ డాక్టరు చూసిందే. బూజు కాదట. ఎవరికీ అంటదట."

తామూ చేతిలో మిరపకాయలు అలాగే ఉన్నాయి. "ఎవరన్నారే అంటుతుందని? నేనన్నానా ఎప్పుడైనా?"

"నువ్వనలేదు."

"మరి? నువ్వే తలుపేసుకుని కూర్చున్నావు. మేమేమో నీకు మనుషులంటే విసుగొచ్చిందనుకున్నాం."

"గిన్నె పెట్టావు కదే."

"ఏ గిన్నె?" అంది తామూ. కాస్త ఆగి, "నీకు కడుపు బాలేదు అప్పట్లో. మసాలా తక్కువేసి నీకని విడిగా తీశాను," అంది.

ఆ కుస్‌కుసు పెద్దపళ్లెంలోనిదేనని మెన్నానాకి తెలుసు. అయినా వాదించలేదు. తామూ మొహం కందిపోయి ఉంది. అందులో సిగ్గుంది, ఆ సిగ్గు ఒప్పుకోవడానికి అడ్డొచ్చే మొండితనమూ ఉంది. ఇరవై ఏళ్ల స్నేహం. ఇంకొక్క మాట నొక్కి అడిగితే ఉన్న కాస్తా తెగుతుందనిపించింది.

"అవునే, కడుపు బాగుండేది కాదు," అంది మెన్నానా. తామూ గబగబా ఒక సంచీలో మిరపకాయలు పోసి ఆమె చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు వేళ్లు తగిలాయి.

ఆ తర్వాత పిలుపులు మళ్లీ మొదలయ్యాయి. మెన్నానా వెళ్లింది. పెద్దపళ్లెం దగ్గరే చోటిచ్చారు. కానీ ఈ రెండేళ్లలో వాళ్ల కబుర్లు చాలా దూరం వెళ్లిపోయాయి. ఎవరో పేరెత్తితే అందరూ పగలబడి నవ్వేవారు, ఆ పేరెవరిదో ఆమెకి తెలియదు. అడిగితే చెప్పేవారు. చెప్పాక అందులో నవ్వేముందో తెలిసేది కాదు.

ఆమె ఎదురుచూసేది ఫెస్ ప్రయాణాలకి. పొద్దున్నే మంచి జెల్లాబా వేసుకుని బయల్దేరేది. డాక్టరు ఒక్కో వేలూ పట్టుకుని, "ఇదిగో, మొదట్లో నున్నటి గోరు వస్తోంది, చూశావా?" అనేది. నిజంగానే ప్రతి గోటి మొదలా చిన్న నెలవంకలా మెరుపు పుట్టి, నెలనెలా పైకి జరుగుతూ వచ్చింది. ఇంకో రెండుమూడుసార్లు వస్తే చాలంది డాక్టరు. మెన్నానా సంతోషంగా తలూపి, ఇంటికొచ్చాక చాలాసేపు దీపం వెయ్యకుండా కూర్చుంది.

తర్వాతసారి డాక్టరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసింది. కుడిచేతి గోళ్లు సగం పైనే నున్నబడ్డాయి. ఎడమచేతివి మళ్లీ గరుకెక్కాయి.

"ఎడం చేతికి మందు రాస్తున్నావా?"

"అప్పుడప్పుడూ మర్చిపోతున్నానమ్మా."

"కుడిచేతికి గుర్తుండి ఎడంచేతికి మర్చిపోతావా?"

మెన్నానా తల దించుకుంది. దొంగతనం చేసి దొరికిపోయినట్టు మొహం వేడెక్కింది. "రెండూ బాగైతే మళ్లీ రానక్కర్లేదంటావు," అంది చివరికి.

డాక్టరు భూతద్దం కింద పెట్టింది. "ఇక్కడికి రావడం ఇష్టమా నీకు? అందరూ ఇక్కణ్ణుంచి ఎప్పుడు బయటపడదామా అని చూస్తారు."

"వచ్చేటప్పుడు టాక్సీలో జనం నన్ను ఆనుకుని కూర్చుంటారమ్మా," అంది మెన్నానా.

బయట పేషెంట్లున్నారు. అయినా డాక్టరు కొంతసేపు ఆ ఎడమచెయ్యి పట్టుకునే ఉంది. "దానికి నా దగ్గర మందు లేదు ఖల్తీ," అంది తర్వాత. "రెండు చేతులకీ రాయి. మొత్తం తగ్గినా చలికాలం ఒకసారి రా. తిరగబెట్టే జబ్బు ఇది, చూసుకోవడం మంచిదే."

మెన్నానా రాసింది. ఏడాది తిరిగేసరికి తొమ్మిది వేళ్లు బాగుపడ్డాయి. కుడి బొటనవేలు ఒక్కటీ లొంగలేదు, దానిమీద గీతలు అలాగే ఉండిపోయాయి. హాజ్ మెక్కీ మళ్లీ తెల్లపట్టు పంపాడు. పంపుతూ, "పెళ్లికూతురి తల్లి నీ చేతివే కావాలంది లల్లా," అని కబురు చేశాడు.

చలికాలం రాగానే ఫెస్ వెళ్లింది. డాక్టరు సెబ్తీ రబాత్ బదిలీ అయిపోయింది. ఆ కుర్చీలో ఉన్న కుర్రడాక్టరు మర్యాదస్తుడు. బల్ల అవతలి నుంచి చేతులు చూసి, "చాలా బాగున్నాయమ్మా. ఇక రానక్కర్లేదు," అన్నాడు. మెన్నానా థాంక్స్ చెప్పి, డాక్టరమ్మ రబాత్‌లో ఎక్కడుంటుందో అడుగుదామనుకుని, అడిగి మాత్రం ఏం చేస్తాననిపించి లేచొచ్చేసింది.

ఇప్పుడు ఆమె పొద్దున పూట అరుగుమీద, మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుంటుంది. తెల్లపట్టుకి మంచి వెలుగు కావాలి, అది కిటికీ దగ్గరే ఉంటుందని చెబుతుంది. ఒక మధ్యాహ్నం సందులోంచి తామూ కేకేసింది.

"మెన్నానా, టీ పోస్తున్నా, పుదీనా మంచిది దొరికింది, రావే."

"వస్తున్నా, ఈ ఒక్కటీ అయిపోనీ," అంది మెన్నానా.

బొత్తం చివర ముడులు బిగించి, పోగు తుంచి, దాన్ని వెలుగులో తిప్పి చూసుకుంది. ఎక్కడా నూగు లేదు. పట్టీ ఊడదీసి, చేతులు కడుక్కుని, క్రీము రాసుకుని సందులోకి వచ్చేసరికి వాళ్లు గ్లాసులు కడిగి బోర్లించేశారు. తామూ చాప చుడుతోంది.